ఓల్డ్ కెంట్ రోడ్డు పూల కార్ఖానా

ఇంగ్లండు దేశమున ఏటేట నవంబరు మొదటి దినములలో రాజు మొదలు బండి తోలువాని వరకు కోటుమీద గుచ్చుకొను ఎర్రని కాగితపు పూవును గూర్చి మన పత్రికలలో నాలుగు పంక్తులు పడుచునే యుండును. ఆ పూవు ఏ యుద్ధమును స్మరించునో, ఏ నేలలో పూచిన పూవునకు అది ప్రతిరూపమో చదువుకొన్నవారికి కొంత తెలియును. కాని దానిని లండను నగరమున మొదట చేసినవారెవరు, వారి చేతులు అంతకుముందేమి చేసినవి, అది అంత సాదాగా రెండు మూడు తునుకలలో ముగియునట్లు కల్పింపబడుటకు కారణమేమి అనునది తెలిసినవారు అరుదు. 1921 నవంబరు 11వ తేదీకిని 1922 నవంబరు 11వ తేదీకిని నడుమ గడచిన ఒక్క సంవత్సరములో, దక్షిణ లండనులోని ఓల్డ్ కెంట్ రోడ్డున, అంతకుముందు చొక్కా కాలర్లు తయారైన ఒక పాత కార్ఖానాలో జరిగిన మార్పు ఈ వ్యాసమునకు విషయము. రాజుల సంధులను, మంత్రివర్గముల పతనములను విస్తరించి వ్రాయు చరిత్రకారులు దీనికి ఒక వాక్యమునైనను కేటాయింపరు. నేను మాత్రము దీనిని ఆ యుద్ధానంతర కాలమున జరిగిన మిక్కిలి గౌరవనీయమైన కార్యములలో ఒకటిగా భావించుచున్నాను.

మొదటి ప్రపంచ సంగ్రామమున బ్రిటిషు ద్వీపములనుండి సుమారు అరువది లక్షలమంది సేనలలో చేరిరి. వారిలో ఏడు లక్షలకు పైగా తిరిగి రాలేదు. తిరిగి వచ్చినవారిలో పదునేడున్నర లక్షలమంది ఏదో యొక వైకల్యముతో వచ్చిరి. కాలో చేయియో కోల్పోయినవారే 41,000 మందికి మించిరి. ఇంతటి సంఖ్యను ఏ ప్రభుత్వమును అంతకుముందు ఎదుర్కొని యుండలేదు. 1916 చివర పింఛనుల కొరకు ప్రత్యేకముగా ఒక మంత్రిత్వశాఖ ఏర్పడినది. అది దేహమును కొలుచుటకు ఒక పట్టికను సిద్ధపరచినది. భుజము వరకు కుడిచేయి పోయినవానికి వారమునకు 16 షిల్లింగులు; భుజమునకు దిగువ, మోచేతికి ఎగువ తెగినచో 14; మోచేతికి దిగువ తెగినచో 11 షిల్లింగుల 6 పెన్నీలు; అదియే ఎడమచేయి యైనచో ప్రతి మెట్టునందును ఒక షిల్లింగు తక్కువ. తరువాత ఈ మొత్తములు కొంత పెరిగినవి గాని, కొలత పద్ధతి మారలేదు. పోయిన అవయవమును అంగుళములలో కొలిచి వెలకట్టు ఈ లెక్క ప్రభుత్వ దృష్టిలో న్యాయమే కావచ్చును. ఏదో యొక లెక్క లేనిదే ఖజానా తలుపు తెరచుకొనదు. అయినను సాలెవాడో వడ్రంగియో కుడిచేయి కోల్పోయి ఇల్లు చేరినప్పుడు అతడు పోగొట్టుకొన్నది ఒక చేయి మాత్రమే కాదు, తన వృత్తి. తన వీథిలో తనకుండిన స్థానము. కుమారునకు నేర్పవలసిన విద్య. ఆ పట్టికలో వీనికి గడి లేదు.

పింఛను చాలకపోయిన, పని చేసికొని బ్రతుకుదమన్న పని లేదు. 1921 వేసవి నాటికి ఆ దేశమున నిరుద్యోగుల సంఖ్య ఇరువది లక్షలు దాటినది. చేతులు కాళ్లు సరిగా నున్నవారే కార్ఖానాల వాకిళ్లలో బారులు తీరి నిలిచియుండగా ఒంటికాలివానిని పిలిచి పని యిచ్చువారెవరు? నూటికి ఐదుగురు చొప్పున వికలాంగులైన సైనికులను చేర్చుకొనవలసినదని యజమానులను కోరుచు 1919లో రాజుగారి పేరిట ఒక పథకము ప్రకటింపబడినది. అది కోరికయే గాని శాసనము కాదు; పేరు నమోదు చేయించుకొన్న యజమానులును ఉండిరి, చూచి చూడనట్లు ఊరకున్నవారును ఉండిరి. లండను వీథులలో మెడకు పళ్లెము కట్టుకొని అగ్గిపెట్టెలు, బూటుతాళ్లు అమ్ముచు, రొమ్మున పతకములతో నిలువబడిన మాజీ సైనికులు నిత్యదర్శనమైరి. వారిని బిచ్చగాండ్రని పోలీసులు అనరాదు, ఏలయన అగ్గిపెట్టె అమ్మకపు సరకు. కాని కొనువాడు అగ్గిపెట్టె కొరకు కొనుట లేదని కొనువానికిని అమ్మువానికిని తెలియును. ఈ సూక్ష్మమును మనస్సున నుంచుకొననిచో పూల కార్ఖానా విశేషము బోధపడదు.

మన దేశపు సైనికులకును ఈ కథతో సంబంధము కలదు. అవిభక్త భారతదేశమునుండి ఆ యుద్ధమునకు వెళ్లిన పదమూడు లక్షలమందిలో 74,000 మంది మరణించిరి. 1914 శరత్కాలమున ఫ్రాన్సు, ఫ్లాండర్స్ భూములలో గాయపడిన మనవారికి ఇంగ్లండు దక్షిణ తీరమున బ్రైటన్ పట్టణములోని రాజప్రాసాదమును వైద్యశాలగా మార్చిరి. గుమ్మటములతో, మినారులతో పూర్వము ఒక రాజు విలాసార్థము హిందూస్థానీ రీతిలో కట్టించుకొన్న ఆ భవనమున సిపాయిల ఆచారభేదములను పాటించి తొమ్మిది వంటశాలలు నడపిరి. 1916 ఆరంభమున భారతీయ రోగులు వెడలిపోయిన పిమ్మట అదే భవనము అవయవములు కోల్పోయిన బ్రిటిషు సైనికులకు ఆశ్రయమైనది. రాణీ మేరీ పేరిట అచ్చట ఒక పనిశాల వెలసి వారికి చేతిపనులు నేర్పినది. మరుసటి సంవత్సరము, అనగా 1917లో, బొంబాయి గవర్నరు భార్య లేడీ విల్లింగ్డన్ అదే రాణి పేరిట వికలాంగులైన భారతీయ సైనికులకు వృత్తివిద్య నేర్పు పాఠశాలను బొంబాయిలో స్థాపించినది. అది తరువాత పూనా సమీపమున కిర్కీకి తరలి నేటికిని అచ్చట నడచుచున్నది. పని నేర్పుటవలననే మనిషి నిలద్రొక్కుకొనునన్న తలంపు ఈ విధముగ యుద్ధకాలముననే రెండు దేశములందును కలిగినది. కాని పని నేర్పుట వేరు, పని కల్పించుట వేరు. నేర్చిన విద్యతో బయటికి వచ్చినవానికి ద్వారము తెరచువాడు లేకున్నచో ఆ విద్య నిష్ప్రయోజనమై పోవును.

సైనికుల పక్షమున మాటాడు సంఘములు లేకపోలేదు, నాలుగుండెను. 1916లో ఒకటి, 1917లో రెండు, 1920లో అధికారుల కొరకు మరియొకటి పుట్టినవి. ఒకటి కార్మికపక్షమునకు, ఒకటి ఉదారపక్షమునకు, ఒకటి సంప్రదాయపక్షమునకు చేరువగా నుండుటచే ఒకే కందకములో కూర్చుండినవారు ఊరికి వచ్చి మూడు జెండాల క్రింద విడిపోయిరి. ఈ చీలిక వారి బలమును తినివేయుచున్నదని గ్రహించినవారిలో ముఖ్యుడు టి. ఎఫ్. లిస్టర్. అతని పట్టుదలవలనను, సేనాధిపతియైన హేగ్ ప్రభువు పలుకుబడివలనను చర్చలు సాగి, 1921 మే 15వ తేదీ ఆదివారమునాడు ఉదయము తొమ్మిది గంటలకు లండనులోని సెనొటాఫ్ స్మారకమువద్ద నాలుగు సంఘముల చిహ్నములు గల ఒక్క పుష్పచక్రమును సమర్పించి వారు ఒక్కటైరి. ఆ సంఘమే బ్రిటిషు లీజియన్. హేగ్ దానికి అధ్యక్షుడు, లిస్టర్ కార్యసమితికి నాయకుడు. అధికారి, సిపాయి అను భేదము లేక సర్వులకును సభ్యత్వము. హేగ్ ఆజ్ఞలవలన లక్షలాది ప్రాణములు వ్యర్థముగా పోయినవని నమ్మువారు నాడును ఉండిరి, నేడును ఉన్నారు. ఆ విచారణ యుద్ధచరిత్రకారులది. తన జీవితపు చివరి సంవత్సరములను అతడు ఈ సైనికుల సేవకే వెచ్చించెననుట మాత్రము నిస్సందేహము.

సంఘమేర్పడినది, ధనము లేదు. అట్టి సమయమున ఫ్రాన్సునుండి ఆనా గెరాన్ అను వనిత ఎర్రపూల బుట్టతో వారి కార్యాలయమునకు వచ్చినది. ఆ పూవు మన గసగసాల మొక్కకు దగ్గరి చుట్టము. పొలముల గట్లమీద కలుపుగా మొలచునది. దాని విత్తులు ఏండ్ల తరబడి మట్టిలో నిద్రించి, నేల తిరుగబడి వెలుతురు సోకినప్పుడే మొలకెత్తును. ఫిరంగి గుండ్లు ఫ్లాండర్స్ నేలను లోతుగా త్రవ్వివేయుటచే, అన్యమేదియు మొలవని ఆ చోట ఈ పూలు వెల్లువగా పూచెను. కెనడా సైన్యపు వైద్యుడు జాన్ మెక్రే 1915లో వ్రాసిన పద్యము వానిని లోకమునకు చూపినది. ఆ పద్యము చదివి చలించిన అమెరికా ఉపాధ్యాయిని మొయినా మైఖేల్ 1918 నవంబరులో ఆ పూవును ధరించుట తనకు వ్రతముగా చేసికొన్నది. ఆనా గెరాన్ ఆ భావమును పట్టుకొని, యుద్ధమున ధ్వంసమైన ఫ్రెంచి సీమలలో దిక్కులేని స్త్రీలచే బట్టపూలు కుట్టించి, ఆ ధనముతో వారిని పోషించుచుండెను. లీజియన్ నాయకులు మొదట సంశయించిరి. తుదకు తొంబది లక్షల పూలకు ఒప్పుకొనిరి. 1921 నవంబరు 11వ తేదీన అవి యన్నియు అమ్ముడుపోయి 1,06,000 పౌండ్లు సమకూడినవి. ఆప్తులను కోల్పోయిన తల్లులు, భార్యలు, సోదరులు గల దేశము ఒక పూవు కొరకు ఎదురుచూచుచున్నదని ఆనాడు అందరికిని తెలిసినది.

ఇచ్చటనే జార్జి హౌసన్ ప్రవేశించుచున్నాడు. హాంప్‌షైర్ దళమున పనిచేసి, 1917లో పాషెండేల్ యుద్ధమున శౌర్యపతకము నార్జించిన ఈ మేజరు, జాక్ బ్రునెల్ కోహెన్‌తో కలిసి 1920లో వికలాంగుల సంఘమును స్థాపించి యుండెను; ఆ కోహెన్ 1917లోనే ఈప్ర్ సమీపమున రెండు కాళ్లును కోల్పోయి అనంతరము పార్లమెంటు సభ్యుడైనవాడు. కృత్రిమాంగములను మెరుగుపరచుట, పింఛనులకై పోరాడుట దాని పని. చిన్న సంఘము, చేతిలో పైకము లేదు. మొదటి పూలదినము జరిగిన పిమ్మట హౌసన్‌కు ఒక ఆలోచన తట్టినది. సైనికుల కొరకు అమ్మబడు పూలను సైనికులే ఏల చేయరాదు? చేయువారు సంపూర్ణాంగులు కానక్కరలేదు. సంపూర్ణాంగులకు ఇతరత్ర పని దొరకవచ్చును. తక్కిన యజమానులు ఎవరిని కాదని త్రోసివేసిరో వారినే తీసికొనవలెను. లీజియన్ తన సహాయనిధినుండి 2,000 పౌండ్లు మంజూరు చేసినది. హౌసన్ తన తల్లిదండ్రులకు వ్రాసిన జాబులో ఇది గొప్పగా ఫలించునని తాను నమ్ముట లేదనియు, అయినను ప్రయత్నింపదగినదనియు, బాధ్యత మాత్రము బరువుగా తోచుచున్నదనియు తెలిపెను. నమ్మకము లేక కూడ పూనుకొన్న ఆ ధైర్యము నాకు విజయమునకన్న పూజ్యముగా తోచును.

1922లో ఓల్డ్ కెంట్ రోడ్డులో పని ఆరంభమైన దినమున అతనితో నున్నవారు ఐదుగురు. ఆ వీథి లండనులో సామాన్యుల వీథి. తోళ్లు, సబ్బు, పీపాలు, గాసు తయారగు చోట్ల నడుమ ఈ కాలర్ల కార్ఖానా ఒకటి ఖాళీగా నుండెను. అంతకుముందెన్నడును పూవును ముట్టియెరుగని ఫిరంగులవారు, కందకములవారు ఆ బల్లలయెదుట కూర్చుండిరి. పూలపని నైపుణ్యము గల పని. ప్యారిస్ నగరమున దానికి తరతరముల వృత్తికారులు కలరు. రేకులు మడచుట, నలగగొట్టుట, కాడకు దారము చుట్టుట, ఇవన్నియు రెండు చేతుల పనులు. ఒకటి పట్టుకొనును, రెండవది కూర్చును. హౌసన్ ముందున్న ప్రశ్న ఇది: పట్టుకొను చేయి లేనివాడు పూవును కూర్చుట ఎట్లు? దానికి సమాధానము మనుష్యులలో గాక పూవులో వెదకబడినది. ఎర్రని రేకు, నల్లని బొడ్డు, కాడ. వీనిని మడచుటగాని ముడివేయుటగాని లేక, ఒకదానిలో ఒకటి దూర్చి నొక్కినంతమాత్రన అమరునట్లు ఆ పూవు కల్పింపబడెను. ఒంటిచేతివాడు తన ఒక్క చేతితోనే మొదటినుండి తుదివరకు పూవు ముగింపగలడు. కాళ్లు లేనివాడు బల్ల దిగనక్కర లేదు. సహజపుష్పముతో పోల్చిచూచిన అది ముతకది. రేకుల ముడుత లేదు, కేసరములు లేవు. ఈనాడు మనము దానిని చూచి ఎంత సాదాగానున్నదో యని మెచ్చుకొందుము. ఆ సాదాతనము చిత్రకారుని అభిరుచివలన రాలేదు. తెగిన చేతి కొలతకు వచ్చినది.

ఈ సంగతిని నేను ఇంత సాగదీసి చెప్పుటకు హేతువు కలదు. లోకములో ప్రతి కార్ఖానాయందును పని ముందు నిర్ణయమగును, పిమ్మట దానికి తగిన మనిషిని వెదకుదురు. తగనివాడు వాకిటనే నిలిచిపోవును. ధర్మసంస్థలును ఈ క్రమమును మార్చలేదు. వాకిట నిలిచినవానికి ఇంత అన్నమో బట్టయో ఇచ్చి పంపుట మాత్రము చేసినవి. ఓల్డ్ కెంట్ రోడ్డులో క్రమము తలక్రిందులైనది. మనుష్యులు ముందే నిర్ణీతులు. పనియే వారికి తగునట్లు మారవలసి వచ్చినది. పింఛనుల పట్టిక చేతిలో ఎంత పోయినదని అడిగినది, ఈ కార్ఖానా ఎంత మిగిలినదని అడిగినది. వారము ముగియగానే వారికి అందినది దానము కాదు, కూలి. తమవంటి సైనికుల కుటుంబములకు నిధి సమకూర్చు సరకును తామే చేయుచున్నామన్న అభిమానము ఆ కూలికి తోడు. వీథిలో అగ్గిపెట్టె అమ్మినవానికి ఈ రెండును లేవు. అనతికాలములోనే ఆ ఐదుగురు నలుబది, ఏబదిమంది యైరి. అమ్మకము సంవత్సరములో ఒక్క దినమే అయినను కోట్ల పూలు కావలసియుండుటచే పన్నెండు నెలలును పని దొరకెను.

అయితే ఈ శుభకథలో ఒక మూల చీకటి కలదు, దానిని దాచుట న్యాయము కాదు. లండనులో పూలపని మొదలుపెట్టుట అనగా ఫ్రాన్సునుండి కొనుట మానుట. ఆనా గెరాన్ ఏ స్త్రీల కొరకు ఈ పూలబుట్ట నెత్తికెత్తుకొన్నదో వారును ఆ యుద్ధము కూల్చిన కుటుంబములవారే. వారి చేతులకును పని కావలసియుండెను. మనవారిని మనము చూచుకొందమన్న నిర్ణయము బ్రిటిషు వికలాంగునకు బ్రతుకిచ్చినది, ఫ్రెంచి వితంతువునుండి ఒక గిరాకీని తీసివేసినది. ఆ తలంపును సముద్రము దాటించి తెచ్చిన ఆ వనిత పేరు చిరకాలము మరుగున పడియుండుట మరింత కష్టము కలిగించు విషయము. హౌసన్ చేసినది తప్పని నేననను. కాని అతని కీర్తి చెప్పునోట ఆమె పేరు చెప్పక విడుచుట కృతఘ్నతయే యగును.

1922 నవంబరు 11వ తేదీన లండను ప్రజలు కొన్న పూలలో ఆ సంవత్సరము ఓల్డ్ కెంట్ రోడ్డు బల్లలపై కూర్పబడినవి ఉండెను. అదే దినమున అదే నగరమున వేలాది నిరుద్యోగులు ఊరేగింపుగా సెనొటాఫ్ ఎదుట నడచిరి. వారిలో మాజీ సైనికులు పతకముల ప్రక్కన తాకట్టు చీట్లను గుచ్చుకొనిరి. ఒక రొమ్మున పూవు, ఒక రొమ్మున తాకట్టు చీటి. ఆ కార్ఖానా ఏబదిమందికి అన్నము పెట్టినది. లక్షలమందికి పెట్టవలసిన బాధ్యత ప్రభుత్వమునది, దానిని ఏ పూలబుట్టయు తీర్చజాలదు. ఈ రెండు సత్యములను ఒకదానికొకటి అడ్డుపెట్టి మాటాడువారిని చూచుచునే యున్నాము. నిధులు వసూలగుచున్నవి గదా యని చట్టమును వాయిదా వేయువారు ఒక ప్రక్క, చట్టము రానిదే సేవ వృథాయని చేతులు ముడుచుకొనువారు మరియొక ప్రక్క. హౌసన్‌కు అట్టి తీరిక లేకపోయినది.

తరువాతి చరిత్రను సంగ్రహముగా చెప్పవచ్చును. చోటు చాలక కార్ఖానా రిచ్‌మండ్‌లోని ఒక పాత బీరు కార్ఖానా స్థలమునకు తరలినది; పనివారు దూరమునుండి కర్రలమీద, చక్రపు కుర్చీలలో వచ్చిపోవు బాధ తప్పుటకై ప్రక్కనే వారికిని వారి కుటుంబములకును ఇండ్లు కట్టబడినవి. 1926లో హేగ్ ప్రభువు భార్య ఎడిన్‌బరోలో స్కాట్లండు వారికి వేరుగా ఒక పూలశాల నెలకొల్పినది; ఇంగ్లండులోనే పూలన్నియు అమ్ముడుపోయి ఉత్తరమునకు చేరకపోవుట దానికి కారణము. 1928లో హౌసన్ తన పనివారిని వెంటబెట్టుకొని వెస్ట్‌మినిస్టర్ ఆబీ ప్రాంగణమున ఒక శిలువచుట్టు కాగితపు పూలు నాటించెను. నేడు వేలాది శిలువలతో నిండు స్మృతిక్షేత్రమునకు అది మొదలు. 1936లో అతడు మరణించెను.

మన దేశమునను స్వాతంత్ర్యమునకు పూర్వము నవంబరు 11న ఈ పూలదినమే జరుగుచు, ఆ పేరిట చందాలు పోగయ్యెడివి; ఆ ధనమునుండి మన సైనికునకు ఎంత చేరవలెనను నిర్ణయము పరుల చేతిలో నుండెను. 1949 ఆగస్టు 28న రక్షణమంత్రి ఆధ్వర్యమున ఏర్పడిన సమితి ఏటేట డిసెంబరు 7వ తేదీని పతాకదినముగా జరుపవలెనని నిశ్చయించినది. ఎరుపు, ముదురు నీలము, లేత నీలము రంగుల చిన్న పతాకను మన బడిపిల్లలు నాణెములిచ్చి కొని చొక్కాకు గుచ్చుకొనుచున్నారు. ఆ ధనము యుద్ధక్షతుల పునరావాసమునకును, సైనికుల కుటుంబముల క్షేమమునకును, ఉద్యోగము విరమించినవారికి జీవనోపాధి కల్పించుటకును వినియోగింపబడుచున్నది. తాడేపల్లిగూడెము చేరువనున్న మాధవరమువంటి గ్రామములు, మిలిటరీ అను మాట ఊరిపేరుతోనే కలిసిపోవునంతగా తరతరములు బిడ్డలను సేనకు పంపినవి. అట్టి ఊళ్లకు తిరిగివచ్చినవారిలో చేయియో కాలో విడిచి వచ్చినవాడు జిల్లా సైనికసంక్షేమ కార్యాలయపు మెట్లెక్కినప్పుడు, అచ్చటి అధికారి అతని కాగితములలో పోయినదానిని ఎంత శ్రద్ధగా చదువునో, మిగిలిన చేతితో అతడు చేయగల పని యేదియో కూడ అంత శ్రద్ధగా అడుగవలెనని, ఆ పని మన జిల్లాలో లేకున్నచో కల్పింపవలెనని నేను కోరుచున్నాను.